వీపు మాత్రమే కనిపించినవాడు

"దొంగ దొరికింది వాసంతి గారూ. మీరింక మీ ఊరు కిచెనర్ వెళ్లిపోవచ్చు," అన్నారు యోగానంద్ గారు, నేను మంచు బూట్లు విప్పకముందే.

ఒంటికాలి మీద నిలబడి రెండో బూటు లాగుతూ ఆయన వైపు చూశాను. కర్నూలులో డీఎస్పీగా రిటైరయిన మనిషి. ఈ ఇంటి మనవడికి పిల్లనిచ్చిన మామగారు. కూతుర్ని చూడడానికి, కెనడా వాళ్లు తల్లిదండ్రులకిచ్చే సూపర్ వీసా మీద వచ్చి, నెల తిరక్కుండానే ఓక్‌విల్ మొత్తాన్ని తన సర్కిల్‌లో కలిపేసుకున్నారు. ఆయనకి ఎదురుగా భోజనాల బల్ల దగ్గర చరిత కూర్చుని ఉంది. కరీంనగర్ నుంచి చదువుకోవడానికి వచ్చి, ఈ ఇంట్లో ఒక గదిలో ఉంటున్న పిల్ల. ఆ పిల్లకి జాకెట్ విప్పుకునే వ్యవధి కూడా ఇచ్చినట్టు లేరు.

"దొంగ దొరికితే వస్తువు కూడా దొరకాలి కదా సార్. ఏదీ?"

"అది ఆ పాప నోటితోనే వస్తాది. మూడింటి వరకు టైమిచ్చినా. చెప్పకుంటే పోలీసులకు ఫోన్ చేస్తా."

గోడ గడియారం పన్నెండున్నర చూపిస్తోంది. బీమా కంపెనీలో క్లెయిములు తవ్వీ తవ్వీ, ఆ తర్వాత ప్రైవేట్ ఇన్వెస్టిగేటర్ లైసెన్స్ తీసుకున్న నాకు ఒక విషయం బాగా తెలుసు. గడువు పెట్టి బెదిరించేవాడి దగ్గర సాక్ష్యం ఉండదు.

నన్ను పిలిచింది ఈయన కాదు. ఈ ఇంటి పెద్దాయన అమరేశ్వరరావు గారు. ఆ పేరు ఇప్పటి పిల్లలకి తెలియదు గాని, మా అమ్మ తరం ఆడవాళ్ల ముందు అంటే ఇప్పటికీ పమిట సర్దుకుంటారు. అరవైల్లో మద్రాసులో పది పన్నెండు సినిమాల్లో హీరోగా వేసి, తన పక్కన హీరోయిన్‌గా వేసిన లక్ష్మమ్మ గారినే పెళ్లి చేసుకుని, పేరు ఇంకా వెలుగుతుండగానే కెనడా వచ్చేశారు. ఇక్కడ కార్ల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యారు. తెలుగు సంఘం వాళ్లు శనివారం వాళ్లిద్దరికీ ఆదర్శ దంపతులని సన్మానం పెట్టుకున్నారు. నిన్న సాయంత్రం ఆయన ఫోన్లో గొంతు తగ్గించి నాకు చెప్పింది రెండే ముక్కలు. పెట్టెలోంచి పాత ఫిల్మ్ రీలు ఒకటి పోయింది. పోలీసులు మాత్రం వద్దు.

"ఈ అమ్మాయే తీసిందనడానికి ఆధారం ఏంటి?" అని అడిగాను.

యోగానంద్ గారు వేలు ఎత్తారు. "పెట్టె తెరిస్తే లోపల వెనిగర్ వాసన. పాత ఫిల్మ్ చెడిపోయేటప్పుడు ఆ వాసనే వస్తాదంట, ఫోన్లో చూసినా. ఇప్పుడు ఆ పాప జాకెట్ వాసన చూడండి."

వంగి చూశాను. నిజమే, వెనిగరే.

"నువ్వెక్కడ పనిచేస్తావమ్మా?"

"ఫిష్ అండ్ చిప్స్ షాప్ల, ఆంటీ. పార్ట్ టైమ్."

యోగానంద్ గారి వైపు తిరిగాను. "ఇక్కడివాళ్లు ఫ్రైస్ మీద వెనిగర్ చల్లుకుని తింటారు సార్. ఈ లెక్కన సగం ఒంటారియో రాష్ట్రాన్ని స్టేషన్‌కి తీసుకెళ్లాలి మీరు."

"ఆలుగడ్డల మీద వెనిగరా?" ఆయన నిజంగానే ఆశ్చర్యపోయారు. ఆ ముఖంలో ఒక్క క్షణం పోలీసు పోయి మామూలు మనిషి కనిపించాడు. వెంటనే సర్దుకున్నారు. "సరే, అది పక్కన పెట్టండి. సోమవారం మధ్యాన్నం ఇంట్లో ఉండింది ముసలివాళ్లు ఇద్దరూ, ఈ పాపా. ఇంత బ్యాగ్ తగిలించుకొని బయటికి పోయింది. మంగళవారం పొద్దున పెద్దాయన పెట్టె తెరిస్తే రీలు లేదు."

"అది కాలేజీ బ్యాగ్ ఆంటీ. లాప్‌టాప్, షాప్ యూనిఫామ్ అంతే. సార్ మొత్తం కుమ్మరించి చూసిండు."

"ఏం దొరికింది సార్?"

"అప్పటికే అమ్మేసింటాది. యూట్యూబ్ వాళ్లు కొంటారు ఇట్లాంటివి."

చరిత నా చెయ్యి పట్టుకుంది. "నేను తీయలే ఆంటీ. నా వర్క్ పర్మిట్ అప్లికేషన్ నడుస్తున్నది. పోలీస్ కేస్ అంటే ఏమైతదో ఏమో. మా డాడీకి ఏం చెప్పాలె నేను."

ఒట్టి ఫిర్యాదుతో ఎవరి పర్మిటూ ఊడిపోదని నాకు తెలుసు. కానీ ఆ సంగతి తెలిసినంత మాత్రాన ఆ పిల్లకి నిద్ర పట్టదని కూడా తెలుసు. ఇక్కడి కాలేజీలు లెక్క లేకుండా చేర్చుకున్న పిల్లలు ఇప్పుడు ఈ ప్రాంతమంతా ఇలాగే బిక్కుబిక్కుమంటూ బతుకుతున్నారు. ఎవరో పెద్దమనిషి గొంతు పెంచితే చాలు, చేయని తప్పుకి కూడా క్షమాపణ చెప్పేస్తారు. నాకు ఒళ్లు మండింది.

"మూడింటి దాకా ఈ అమ్మాయిని ఒక్క ప్రశ్న కూడా అడగొద్దు సార్."

"చెప్పేదానికి మీరెవరమ్మా?"

"ఒంటారియోలో లైసెన్స్ ఉన్నదాన్ని. మీ పరిధి కర్నూలుతో అయిపోయింది. ఆ పెట్టె చూపించండి."

ఆయన చొక్కా జేబులోంచి తాళంచెవి తీసి బల్ల మీద పెట్టారు. "సీన్ ఆఫ్ క్రైమ్ కదా. మంగళవారం పొద్దున్నే సీల్ చేసినా. అప్పటినుంచి చెవి నా జేబు దాటలేదు."

ఆ మాట నా చెవిలో అలాగే ఉండిపోయింది.

*

పెద్దాయన గది మేడ మీద. ఎనభై దాటినా నడుము వంగలేదు, కంఠం వణకలేదు. రెండ్రోజులుగా భోజనం సరిగా లేనట్టు దవడలు మాత్రం లోపలికి పోయాయి. నేను తలుపు వేసేసరికి మంచం అంచున కూర్చున్నారు.

పాత రేకు ట్రంకు పెట్టె. మూత చుట్టూ యోగానంద్ గారు గోడలకి రంగులేసేటప్పుడు అంటించే టేపు చుట్టేశారు. తాళం తీసి, దాన్ని చీల్చి మూతెత్తాను. పులిసిన వాసన గుప్పుమంది. పైన మేకప్ పెట్టె, చుట్టిన పోస్టర్లు, ఫొటోల కవర్లు. అడుగున ఒక నీలం పట్టుగుడ్డ. ఏళ్ల తరబడి దాని మీద గుండ్రటి డబ్బా ఉన్నట్టు ముద్ర పడింది. నన్ను ఆపింది ఆ ముద్ర కాదు, ఆ గుడ్డ మడత. అంచు లోపలికి పోయేలా, రెండు వైపులా సమానంగా, ఇస్త్రీ చేసినట్టు మడిచి ఉంది. దాని మీద కలరా ఉండలు మళ్లీ ఒక్కొక్కటే పేర్చి ఉన్నాయి.

రీలు కొట్టేసేవాడు గుడ్డ మడత పెట్టడు. కలరా ఉండలు అసలే పేర్చడు. జీవితమంతా పట్టుచీరలు దాచుకున్న చేతులు అవి.

"దీనికి తాళం ఉండేదా అంకుల్?"

"ఎప్పుడూ లేదమ్మా. ఆయనే తెచ్చి వేశారు, మంగళవారం."

"మంగళవారం మీరు పెట్టె ఎందుకు తెరిచారు?"

ఆయన కొంచెం తటపటాయించారు. "శనివారం సభలో చూపించడానికి పాత ఫొటోలు తనే వెతుకుతానని అన్నారు యోగానంద్ గారు. ఆయన చెయ్యి పడకముందే ఆ రీలు తీసి ఎక్కడైనా దాచేద్దామనుకున్నా. తెరిస్తే లేదు. నేను అయ్యో అనడం, వెనకే ఆయన గదిలోకి రావడం, రెండూ ఒకేసారి జరిగాయి."

"ఆ రీల్లో ఏముంది?"

ఆయన గోడ వైపు చూపించారు. చిన్నప్పుడు తప్పిపోయిన కవల అన్నదమ్ములు చివర్లో ఒకర్నొకరు కావలించుకునే ఫొటో. ద్విపాత్రాభినయం. మా అమ్మ ఆ సీన్ గురించి చెబుతూ ముక్కు తుడుచుకునేది.

"ఆ సీనే. ఎన్జీ ముక్క. కట్ చెప్పాక కూడా కెమెరా తిరుగుతూ ఉండిపోయింది. పనికిరాదని ఎడిటర్ పారేయబోతుంటే అడిగి తెచ్చుకున్నాను."

"అందరూ చూసిన సీనే కదా. పోలీసులంటే అంత భయం ఎందుకు?"

నేను లేచి ఫొటో దగ్గరికి వెళ్లాను. అన్నదమ్ములు ఇద్దరూ ఆయనే. కానీ కనిపిస్తున్నది ఒక్క ముఖమే. రెండో అతనిది వీపు, మెడ, ఆయన భుజాన్ని గట్టిగా పట్టుకున్న ఒక చెయ్యి.

"ఈ వీపు ఎవరిది అంకుల్?"

కిటికీ అవతల ఎవరో మంచు తోడుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఆయన కళ్లజోడు తీసి పంచె అంచుతో చాలాసేపు తుడిచారు.

"అప్పట్లో కెమెరాకి సగం అడ్డు పెట్టి ఒకసారి, రెండో సగం అడ్డు పెట్టి ఇంకోసారి తీసేవారు. అన్నదమ్ములు ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకోవచ్చు. మధ్యలో గీత దాటి చెయ్యి వేయడం మాత్రం కుదరదు. కావలించుకోవాలంటే డూప్ ఉండాలి. నా డూప్ పేరు రాఘవులు." ఆ పేరు చెప్పడానికి ఆయనకి ఊపిరి తీసుకోవాల్సి వచ్చింది. "ఎత్తూ, భుజాలూ నావే. రెండు వైపుల నుంచీ తీసినా వీపు ఆయనదే, ముఖం నాది. మేమిద్దరం ఎలా ఉండేవాళ్లమో ఎవరికైనా తెలిస్తే మర్నాడు ఒక్క నిర్మాత కూడా గుమ్మం తొక్కేవాడు కాదు. ఒకే రిక్షాలో వెళ్లడానికి కూడా భయపడేవాళ్లం. అలాంటిది రాష్ట్రమంతా చూస్తుండగా కావలించుకున్నామమ్మా. జనం ఏడ్చారు, ఈలలు వేశారు. డైరెక్టరు కట్ అన్నాడట. మాకు వినపడలేదు."

ఆయన కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నారు.

"తర్వాత ఇంట్లోవాళ్లు నిలబెట్టి ఆయనకి పెళ్లి చేశారు. నేనూ చేసుకున్నాను. ఆయన పోయినప్పుడు పేపర్లో చిన్న వార్త కూడా రాలేదు. డూప్‌కి ఎవరు వేస్తారు? అప్పుడప్పుడు ఆ ఫిల్మ్ పైన కొంచెం విప్పి కిటికీ వెలుగులో చూసుకునేవాణ్ణి. ఎక్కువ విప్పితే మళ్లీ చుట్టలేనని భయం."

"లక్ష్మమ్మ గారికి తెలుసా?"

"తెలియదు. తెలియకూడదు." ఆయన తలుపు వైపు చూశారు. "ఇంతకాలం నాతో కాపురం చేసిన మనిషి. మోసం చేశానని ఈ వయసులో తెలిస్తే ఆవిడ ముఖం ఎలా చూడను? పోలీసులు వస్తే మొదటి ప్రశ్న అదే, రీల్లో ఏముందని. అయినా సరే, మూడింటికి యోగానంద్ గారు ఫోన్ ఎత్తితే నేనే అంతా చెప్పేస్తాను. నా పరువు కోసం ఆ పిల్ల బతుకు పణం పెట్టను."

చెప్పడమే కాదు, చేస్తారని కూడా ఆ ముఖం చూస్తే తెలిసిపోతోంది. నాకు ఒకటిన్నర గంట మిగిలింది.

*

కింద వంటింట్లో చరిత నాకు కంచం పెట్టింది. తను మాత్రం నిలబడే ఉంది.

"నువ్వు తిన్నావా?"

"తినబుద్ధి అయితలేదు ఆంటీ. అయినా సోమవారం రాత్రి సంది అన్నీ కొబ్బరే. కొబ్బరి పచ్చడి, కొబ్బరన్నం, నిన్న కొబ్బరుండలు. నాకు షాప్‌కి గూడ డబ్బా కట్టిండ్రు అమ్మమ్మ."

"అమ్మమ్మ అంటే లక్ష్మమ్మ గారా?"

"అవును. నన్ను బాగా చూసుకుంటరు. నాకిచ్చింది సరోజన అమ్మమ్మ రూమ్. ఆమె పోయినంక అందులో ఎవర్నీ ఉంచలేదట."

సరోజన ఎవరని అడిగాను. మద్రాసులో లక్ష్మమ్మ గారి హెయిర్‌డ్రెసర్ అట. హీరోయిన్ ఎక్కడికి వెళితే తనూ అక్కడికే. ఈ దేశం కూడా వెంటే వచ్చి, పిల్లల్ని పెంచి, ఈ ఇంట్లోనే కన్నుమూసింది. "ఆమె దువ్వెన ఇంకా అద్దం ముందటనే ఉంటది ఆంటీ. అది మాత్రం కదిలించొద్దన్నరు."

నేను ఇంకో ముద్ద కలిపాను. "యోగానంద్ గారు ఇల్లంతా వెతికారా?"

"మొత్తం ఆంటీ. నా పరుపు గూడ ఎత్తి చూసిండు. బేస్‌మెంట్ల పెద్ద ఫ్రీజర్ తెరిచిండు. ఐస్‌క్రీమ్ బకెట్‌లు ఉన్నయని మూసేసిండు."

ముద్ద నోటి దాకా వెళ్లి ఆగిపోయింది.

ఈ దేశంలో ఏ తెలుగింటి ఫ్రీజర్‌లోనైనా ఐస్‌క్రీమ్ బకెట్ తెరిచి ఐస్‌క్రీమ్ దొరుకుతుందని ఆశపడ్డవాడు కొత్తగా దిగినవాడే. అందులో గోంగూర ఉంటుంది, మునక్కాయ ముక్కలుంటాయి, మొన్నటి సాంబారు ఉంటుంది. తురిమిన కొబ్బరి అయితే తప్పకుండా ఉంటుంది. పైగా ఈ ఇంట్లో ముసలివాళ్లిద్దరికీ షుగర్. డీఎస్పీ గారు మూత మీద బొమ్మని నమ్మేశారు.

సోమవారం ఎవరో ఒక పెద్ద బకెట్ కొబ్బరిని ఒక్కసారిగా ఖాళీ చేశారు. కరిగిన కొబ్బరి పారేయడానికి చేతులు రాక, అప్పటినుంచి ఇంట్లో అందరికీ అదే పెడుతున్నారు. కంచంలో ఉన్నది పూర్తిగా తిని, చెయ్యి కడుక్కుని లేచాను. వాంగ్మూలం ఇంత రుచిగా ఉండడం నాకు అదే మొదటిసారి.

*

లక్ష్మమ్మ గారు బేస్‌మెంట్‌లోనే ఉన్నారు. ఫ్రీజర్ పక్కన బియ్యం బస్తా మీద కూర్చుని, ఒళ్లో చేతులు పెట్టుకుని. నన్ను చూసి లేవబోయారు.

"ఏం కావాలమ్మా? కొబ్బరన్నం ఇంకొంచెం పెట్టమని చెప్పనా పిల్లకి?"

"చాలండీ. కొబ్బరి తీసేసి ఆ బకెట్‌లో ఏం పెట్టారో అడుగుదామని వచ్చాను."

ఆవిడ నా వైపు చూశారు. ఒకప్పుడు లక్షలమంది చూసిన కళ్లు అవి, ఇప్పటికీ అంత పెద్దవే. అబద్ధం ఆడదామా అని ఒక్క క్షణం ఆలోచించి, ఆ ఆలోచన మానుకోవడం కూడా నాకు కనిపించింది.

"మద్రాసులో ల్యాబ్‌లో నెగటివ్‌లకి ఏసీ గది ఉండేది," అన్నారు. "ఒంటినిండా నగలేసుకుని లైట్ల కింద మేము మాడిపోతుంటే ఫిల్మ్ మాత్రం చల్లగా కూర్చునేది. పెట్టెలో ఆ పులుపు వాసన ముదిరిపోతోంది. ఏనాడో ఇక్కడ పెట్టాల్సింది."

"సోమవారమే ఎందుకు?"

"యోగానంద్ గారు ఫొటోలు వెతుకుతానన్నారుగా. ఆయన కంట పడకూడదని. శనివారం సభ అయ్యాక మళ్లీ పెట్టేసేదాన్ని. ఈలోగా ఆ మహానుభావుడు పెట్టెకి టేపు చుట్టి తాళంచెవి జేబులో వేసుకున్నాడు."

నవ్వు వచ్చింది గాని ఆపుకున్నాను. "పెద్దాయనతో ఒక్క మాట చెప్పి ఉండొచ్చుగా?"

"ఏమని? మీ రీలు భద్రంగా ఉందంటే, అదేమిటో నాకు తెలుసు అన్నట్టేగా." ఆవిడ ఫ్రీజర్ మూత మీద అరచెయ్యి ఆనించారు. "ఆయన సిగ్గుపడతారు. నా ముందు తలెత్తుకోలేరు. రెండ్రోజులుగా అన్నం కెలికి లేచిపోతున్నారు. పక్కన కూర్చుని చూస్తున్నాను. నోరు రావడం లేదు."

"పైన ఆయన నాతో ఏం మాట్లాడారో నేను చెప్పకూడదు. ఒక్కటి మాత్రం చెబుతాను. మూడింటికి ఫోన్ వెళ్లేలోపు చరిత కోసం యోగానంద్ గారి ముందు నోరు విప్పడానికి ఆయన సిద్ధంగా ఉన్నారు. మొత్తం."

ఆవిడ చీర చెంగు బిగించి లేచారు. "మా ఆయన్ని యోగానంద్ గారి ముందు నిలబడనివ్వను. పట్టమ్మా ఆ బకెట్. రెండో అరలో, గోంగూర కింద."

*

భోజనాల బల్ల మీద ఐస్‌క్రీమ్ బకెట్ పెట్టి మూత తీసేసరికి యోగానంద్ గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. మూడు ప్లాస్టిక్ కవర్లలో చుట్టిన రేకు డబ్బా, చుట్టూ తెల్లగా మంచు.

"నేనే పెట్టాను అన్నయ్య గారూ," అన్నారు లక్ష్మమ్మ గారు. "చల్లగా ఉంటే పాడవదని పెట్టి, పూర్తిగా మర్చిపోయాను. వయసు చూడండి ఎంత పని చేసిందో."

మూడు పేజీల డైలాగు ఒక్క టేకులో చెప్పేదని పేరున్న మనిషి. ఆవిడకి మతిమరుపంటే నాకు నవ్వొచ్చింది గాని, నటన మాత్రం అద్భుతం. మేడ మెట్ల మీద నిలబడి అమరేశ్వరరావు గారు ఆ డబ్బానీ, ఆవిడనీ మార్చి మార్చి చూస్తున్నారు.

యోగానంద్ గారు అంత తేలిగ్గా వదిలే మనిషి కాదు. "దొరికింది కదా, మంచిదే. నాకివ్వండి. స్కాన్ చేయించి శనివారం సభలో తెర మీద వేద్దాం. ఇంత గొడవ చేసిన రీల్లో ఏముందో అందరం చూద్దాం."

పెద్దాయన చెయ్యి మెట్ల కమ్మీని గట్టిగా పట్టుకుంది. నేను నోరు తెరిచేలోపే లక్ష్మమ్మ గారు డబ్బా మీద చెయ్యి వేశారు.

"అది ఎన్జీ అండీ. ఎన్జీ ముక్క బయటివాళ్లకి చూపించే అలవాటు మాకు లేదు. డైరెక్టరు పోయినా సరే, ఆయన ఓకే చేయనిది తెర మీదికి రాదు."

"ఏమున్నా పాతదే కదా?"

"సార్," అన్నాను, "వస్తువు ఇంట్లోనే ఉంది, ఇంటావిడే పెట్టింది. కేసు మూసేశాం. మీ వైపు నుంచి ఒక పని మాత్రం మిగిలింది."

ఆయన చరిత వైపు చూశారు. గోడ పక్కన నిలబడి ఆ పిల్ల ఏడుస్తోంది, భారం దిగిపోయినప్పుడు వచ్చే ఏడుపు అది. ఆయన మీసం మీద చెయ్యి వేసి, తీసేసి, దగ్గరికి వెళ్లారు.

"తప్పయింది తల్లీ. నా సర్వీసులో ఇట్లాంటిది ఎన్నిసార్లు జరిగిందో అని ఇప్పుడు అనిపిస్తా ఉంది." ఆ మాట ఆయన మనస్ఫూర్తిగానే అన్నారు. తర్వాత ఎవరి ముఖమూ చూడకుండా, పెట్టెకి మిగిలిన టేపు పీకుతానని మేడ మీదికి వెళ్లి, ఆ పని కాగానే కోటు వేసుకుని నడకకి బయల్దేరారు. ఆయన మీద నా కోపం సగం తగ్గింది.

*

చల్లటి డబ్బా వెంటనే తెరిస్తే ఫిల్మ్ మీద చెమ్మ పడుతుందని లక్ష్మమ్మ గారు గంటసేపు మూత ముట్టనివ్వలేదు. పెద్దాయన గదిలో ముగ్గురం కూర్చున్నాం. నేను వెళతానంటే ఆవిడే ఆపారు. ఫిల్మ్ పట్టుకోవడానికి వణకని చేతులు కావాలన్నారు. భార్యాభర్తలు ఒకరి వైపు ఒకరు చూసుకోలేదు.

"ఎప్పటినుంచి తెలుసు?" అన్నారు చివరికి అమరేశ్వరరావు గారు, నేల చూస్తూ.

"ఆ రోజు సెట్లో ఉన్నానుగా. డైరెక్టరు కట్ అన్నది నాకు వినపడింది."

"తెలిసే పెళ్లి చేసుకున్నావా?"

"తెలుసు కాబట్టే చేసుకున్నాను."

ఆయన తలెత్తారు. ఏమీ అర్థం కాలేదని ముఖమే చెబుతోంది.

"ఈ ముక్క మీరు ఎప్పుడైనా చివరి దాకా చూశారా?" అని అడిగారు ఆవిడ.

"ఎక్కువ విప్పితే మళ్లీ చుట్టలేనని..."

"నేను చుట్టాను. మీరు ఫ్యాక్టరీకి వెళ్లినప్పుడల్లా. వాసంతీ, నువ్వు ఆ కొస పట్టుకో అమ్మా."

మూత తీశాం. పులుపు వాసన గదంతా పరుచుకుంది. నేను కొస పట్టుకుని కిటికీ వైపు నడిచాను, ఆవిడ చుట్ట విప్పుతూ వచ్చారు. మధ్యాహ్నపు మంచు వెలుగులో చిన్న చిన్న గళ్లలో ఇద్దరు మనుషులు. ఒకరి ముఖం, ఒకరి వీపు. గడి తర్వాత గడి, ఇద్దరూ అలాగే ఉన్నారు. సినిమాలో లేని గళ్లలో కూడా అలాగే ఉన్నారు. పెద్దాయన ఒక వేలు ఎత్తి, తాకకుండా, ఆ వీపు వెంబడే కదిలించారు.

చుట్ట లోపలి పొర దాకా వచ్చాం. కెమెరా ఆపడం మర్చిపోయి ఎవరో పక్కకి తిప్పేసినట్టున్నారు. బొమ్మ ఊగి, సెట్టు వెనకున్న స్తంభం మీద ఆగింది. స్తంభం నీడలో హీరోయిన్ వేషంలో ఒక అమ్మాయి. ఆమె జడలో దువ్వెన పెట్టి నిలబడ్డ ఇంకో అమ్మాయి. దువ్వెన కదలడం లేదు. హీరోయిన్ చెయ్యి వెనక్కి వచ్చి, ఆ రెండో అమ్మాయి చేతిని పట్టుకుని, తన బుగ్గకి ఆనించుకుని ఉంది.

"సరోజన," అన్నారు అమరేశ్వరరావు గారు.

"మా సరోజన," అన్నారు లక్ష్మమ్మ గారు. "ఇది మీ చేతిలో ఉన్నంతకాలం మీరు ఎప్పుడు చివరి దాకా విప్పుతారోనని నాకు ఒకటే దడ. తనని ఎదురుగా పెట్టుకుని మిమ్మల్ని మోసం చేశానని అసహ్యించుకుంటారని."

ఆయన భుజాలు కదిలాయి. ఏడుస్తున్నారనుకుని నేను ఒక అడుగు ముందుకి వేశాను. కాదు, నవ్వుతున్నారు. ఆ నవ్వు ఆవిడకి అంటుకుంది. ఇద్దరూ మంచం మీద పక్కపక్కన కూలబడి, కళ్లు తుడుచుకుంటూ, మళ్లీ నవ్వుతూ ఉండిపోయారు. రెండు చేతులతో ఫిల్మ్ పట్టుకుని కిటికీ దగ్గర నేను నిలబడ్డాను. నా కళ్లు తుడుచుకోవడానికి మాత్రం చెయ్యి ఖాళీ లేదు.

"మరి ఇన్నాళ్లూ మనం ఎవరికి భయపడినట్టు, లక్ష్మీ?"

"నేను మీకు, మీరు నాకు."

తలుపు తట్టి చరిత కాఫీ పట్టుకొచ్చింది. ముగ్గురి ముఖాలూ చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. నేను అలవాటు కొద్దీ ఫిల్మ్ కిందికి దించబోయాను. "ఉండనీ అమ్మా," అని పెద్దాయన ఆ పిల్లని లోపలికి పిలిచారు.

చరిత కాఫీలు బల్ల మీద పెట్టి, కిటికీ వెలుగులోకి వంగి, కళ్లు చిన్నవి చేసి చూసింది. "డబుల్ యాక్షన్ కదా తాతగారూ. ఇద్దరూ మీరేనా?"

ఆయన లక్ష్మమ్మ గారి వైపు చూశారు. ఆవిడ తలూపారు.

"ఒకణ్ణే అమ్మా నేను," అన్నారు అమరేశ్వరరావు గారు. ఈసారి గొంతు తగ్గించలేదు. "ఆ వీపు రాఘవులుది."